రాళ్ళగరువు మంచినూనె

భారతీదేవికి రెండు నియమాలు ఉండేవి. భోజనానికి వెళ్ళిన ఇంట్లో ఏది వడ్డించినా వద్దనకూడదు. రుచి ఎలా ఉన్నా విస్తరి ముందు కూర్చుని వంక పెట్టకూడదు. బెజవాడ నుంచి వెలువడే ఒక వారపత్రికలో ఆమె మూడేళ్ళుగా ‘ఊరి విస్తరి’ అనే శీర్షిక రాస్తోంది. భర్త పోయాక అన్నగారింట్లో ఒక గదిలో ఉంటూ, నెలకు రెండుసార్లు బస్సెక్కి ఏదో ఒక ఊరు వెళ్ళేది. అక్కడి ఇల్లాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చుని, వాళ్ళు ఏ కాలంలో ఏం వండుకుంటారో, ఎలా వండుకుంటారో నోటు పుస్తకంలో రాసుకుని వచ్చేది. చెవిటికల్లులో కృష్ణ ఒడ్డున తిన్న చేపల పులుసు గురించీ, పరిటాలలో తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా మరిగించిన ఉలవచారు గురించీ ఆమె రాశాకే పక్క తాలూకా వాళ్ళకు తెలిసిందని జనం అనేవాళ్ళు. నాలుక మీద చుక్క వేసుకుంటే చాలు, ఆ నెయ్యి తాలూకు గేదె పచ్చిగడ్డి మేసిందో ఎండుగడ్డి మేసిందో చెప్పగలదని సంపాదకుడు నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

1961 వేసవిలో, వైశాఖం చివర, ఆమె జగ్గయ్యపేట బస్సెక్కింది. దారిలో నందిగామలో దిగి, ఎప్పటిలాగే సుబ్బమ్మ హోటల్లో భోంచేసింది. సుబ్బమ్మ బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఒక పెంకుటింట్లో భోజన హోటలు నడుపుతుంది. కోర్టు గుమాస్తాలు, బస్సు డ్రైవర్లు, మిర్చి అమ్ముకోవడానికి వచ్చిన రైతులు అక్కడే తింటారు. రెండేళ్ళ కిందట ఆమె చేతి కందిపచ్చడి గురించి భారతీదేవి రాసిన దగ్గర్నుంచీ ఇద్దరికీ స్నేహం. ఆ రోజు సుబ్బమ్మ దిగులుగా ఉంది. మెట్ట పొలాల్లో నువ్వు పంట దెబ్బతిన్నదని, ఏ కొట్లో చూసినా నీళ్ళలాంటి నూనె అమ్ముతున్నారని, ఎక్కడైనా అసలైన మంచినూనె కనిపిస్తే తనకు చెప్పమని అడిగింది. భారతీదేవి సరేనంది.

జగ్గయ్యపేటలో బండి కట్టుకుని పున్నమ్మగారి మనిషి కాచుకుని ఉన్నాడు. పున్నమ్మ భారతీదేవికి తల్లి తరఫున పిన్ని వరస. రాళ్ళగరువులో వాళ్ళది పెద్ద వ్యవసాయం. బండి దారికి రెండు వైపులా పొలాలు బీడు పడి ఉన్నాయి. బీళ్ళ నిండా ముళ్ళ ఆకుల మొక్కలు నిలువునా ఎండిపోయి, కాయలు విచ్చుకుని, గాలికి గలగలమంటున్నాయి. అక్కడక్కడా ఇంకా పచ్చగా ఉన్న మొక్కలకు పసుపు రంగు పూలు ఉన్నాయి. అవేమిటని అడిగితే బండివాడు వెనక్కి తిరక్కుండానే, బలురక్కసి అని చెప్పాడు. ఈ ఏడు దున్నినవాళ్ళు లేక అదే పండిందన్నాడు.

పున్నమ్మ ఆమెను వాకిట్లోనే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వంటింట్లో కోడలు ప్రమీలారాణి పొయ్యి ముందు కూర్చుని మినప వడలు తీస్తోంది. ఆ పిల్లకు అయిదో నెల. మనిషి సన్నగానే ఉన్నా పాదాలు మాత్రం ఉబ్బి, కడియాలు చర్మంలోకి దిగి ఉన్నాయి. భారతీదేవి చూపు అక్కడ ఆగడం చూసి పున్నమ్మ, కడుపుతో ఉన్నవాళ్ళకు నీరు పట్టడం మామూలేగా అంది. భారతీదేవికి పిల్లలు లేరు. అవునేమో అనుకుంది.

ఆ మధ్యాహ్నం విస్తరిలో జొన్నన్నం, చింతచిగురు పప్పు, గోంగూర పచ్చడి, దోసావకాయ, వేయించిన ఊరమిరపకాయలు పెట్టారు. పచ్చడి మధ్యలో గుంట చేసి పున్నమ్మ స్వయంగా నూనె పోసింది. అది మామూలు మంచినూనె కాదు. కరిగిన బంగారంలాగా, పచ్చగా మెరుస్తోంది. మొదటి ముద్దలోనే భారతీదేవి నాలుక పసిగట్టింది. గోంగూర పులుపు దాటాక, మిరప కారం దిగాక, అడుగున ఇంకేదో ఉంది. సన్నటి చేదు, దాని వెనక నాలుక చివర ఒక చిమచిమ. నువ్వుల్లో ఆ రుచి ఉండదని ఆమెకు తెలుసు. ఒక్క క్షణం ముద్ద నోట్లోనే ఆపుకుంది.

“ఏం భారతీ, ఎట్లా ఉంది మా నూనె?” అని పున్నమ్మ అడిగింది.

“ఇలాంటిది ఎక్కడా తినలేదు పిన్నీ,” అంది భారతీదేవి. అది అబద్ధం కాదు. పున్నమ్మ మురిసిపోయి ఇంకో గరిటె పోసింది. ఊళ్ళో కొండలరావు అని ఒకడి గానుగ ఉందని, నెల రోజులుగా నూనె ఈ రంగులో దిగుతోందని, ఎండలు ముదిరిన ఏడు గింజలో సారం పెరుగుతుందని కొండలరావు చెప్పాడని వివరించింది. భారతీదేవి ఆ మాటలు పుస్తకంలో రాసుకుంది.

సాయంత్రం ఆమె పెరట్లో కూర్చుని ఉండగా పొలం పనికి వచ్చే ఆదెమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఊరి చివర కూలిజనం ఉండే పల్లెలో ఉంటుంది, ఆదివారం చర్చికి పోయే కుటుంబం. పున్నమ్మ ఆమె గిన్నెలో సంకటి, మజ్జిగ పోసి, ఆకులో నాలుగు వడలు పెట్టి ఇచ్చింది. ఆదెమ్మ అన్నీ తీసుకుని పశువుల కొట్టం దాకా నడిచి, ఎవరూ చూడటం లేదనుకుని ఆకును గోడ మీద పెట్టేసింది. భారతీదేవికి కాస్త కష్టం అనిపించింది. లేచి వెళ్ళి ఆపింది.

“వడలు అక్కడ వదిలేశావేం ఆదెమ్మా?”

ఆదెమ్మ ఇంటి వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, “ఆ నూనె మేం నోట పెట్టమండి. దీపాలకే వాడతాం,” అంది.

భారతీదేవి మనసు చివుక్కుమంది. పాపం, వీళ్ళకు నూనె ఎంత అపురూపమో అనుకుంది. ఆదెమ్మ ఇంకేదో చెప్పబోతున్నట్టు నిలబడింది గానీ, అప్పుడే పున్నమ్మ కేక వేయడంతో గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. భారతీదేవి పీట మీద కూర్చుని ఆ మాటను కూడా, అన్న మాట అన్నట్టే, పుస్తకంలోకి ఎక్కించింది.

దీపాలు పెట్టే వేళకు పున్నమ్మ మరిది రత్తయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఆయన లాంతరు వైపు కళ్ళు చికిలించి చూస్తూ, నాలుగు రోజుల నుంచి దీపం చుట్టూ రంగుల గుడి కనిపిస్తోందని, వానొచ్చే ముందు చందమామ చుట్టూ కట్టినట్టే ఉందని చెప్పాడు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం కూడా వస్తోందట. అరవై దాటాక అన్నీ ఇంతేనని ఆయనే నవ్వేశాడు. అందరూ నవ్వారు. భారతీదేవి మరుసటి రోజు కూడా ఉండి, ఊరమిరపకాయలు పెట్టే విధానం రాసుకుని, పున్నమ్మ బలవంతం మీద ఒక సీసా నూనె పుచ్చుకుని బయలుదేరింది. ఆ సీసా దారిలో బస్సు కుదుపుకు పగిలిపోయింది. చీర పాడైందని ఆమె విసుక్కుంది.

వ్యాసం జ్యేష్ఠంలో అచ్చయింది. అంతవరకు రాసినవాటిలో అదే బాగుందని సంపాదకుడు అన్నాడు. ‘రాళ్ళగరువు మంచినూనె’ అని పేరు పెట్టాడు. అందులో ఆమె ఆ నూనె రంగును వర్ణించింది, నాలుక చివర అది పుట్టించే చిమచిమను మెట్టభూమి పౌరుషం అంది. ‘ఇక్కడి కూలిజనం ఈ నూనెను నోట పెట్టరు. దీపానికే దాచుకుంటారు. వాళ్ళకది దైవసమానం’ అని ఒక వాక్యం కూడా రాసింది. ఆ వాక్యం చదివి కళ్ళు చెమర్చాయని ముగ్గురు పాఠకులు ఉత్తరాలు రాశారు. సుబ్బమ్మ కార్డు కూడా వచ్చింది. మనిషిని పంపి రెండు డబ్బాలు తెప్పించుకున్నానని, జనం మారు అడిగి తింటున్నారని, వ్యాసం కత్తిరించి భోజనాల గదిలో గోడకు అంటించానని అందులో రాయించింది.

శ్రావణంలో వానలు పట్టాయి. రెండో వారంలో సుబ్బమ్మ నుంచి ఇంకో కార్డు వచ్చింది. ఈసారి చేతిరాత వేరు. ఒంట్లో బాగాలేదు, వీలైతే ఒకసారి వచ్చిపోమని మాత్రమే ఉంది.

భారతీదేవి వెళ్ళేసరికి హోటలు తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. సుబ్బమ్మ లోపలి గదిలో గోడకు చేరగిలబడి కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. మోకాళ్ళ దాకా కాళ్ళు నున్నగా, ఎర్రగా వాచి ఉన్నాయి. పలకరిస్తే గొంతును బట్టి గుర్తుపట్టింది. వంట మనిషికీ అలాగే ఉందని, రోజూ తినే గుమాస్తాల్లో నలుగురు మంచం పట్టారని, ఒక డ్రైవరు నిన్న పోయాడని మాట మాటకీ ఆగి ఆగి చెప్పింది. భారతీదేవి ఆమె పాదం మీద వేలు పెట్టి నొక్కింది. వేలు తీశాక ఆ గుంట అలాగే ఉండిపోయింది. ఆ గుంట వైపు చూస్తుంటే ప్రమీలారాణి కడియాలు ఆమెకు కళ్ళ ముందు మెదిలాయి.

అప్పుడే డాక్టరు కృపారావు వచ్చాడు. నందిగామలో చిన్న వైద్యశాల పెట్టుకున్న మనిషి, మాట తక్కువ. మొదట ఆయన దీన్ని విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి అనుకున్నాడట. మందు ఇచ్చినా తగ్గలేదు. జబ్బుపడినవాళ్ళంతా ఒకే చోట తిన్నవాళ్ళని గమనించి, బియ్యం, పప్పు, నీళ్ళు ఒక్కొక్కటీ చూస్తూ వస్తున్నాడు. ఆయన భోజనాల గదిలో అటూ ఇటూ తిరుగుతూ గోడ మీది కాగితం దగ్గర ఆగాడు. పూర్తిగా చదివాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఒక వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

“ఇది రాసింది మీరేనా అండీ?”

భారతీదేవి అవునంది.

“కూలివాళ్ళు దీపానికే వాడతారని రాశారు. వాళ్ళు ఎందుకు తినరో అడిగారా?”

డాక్టరు వంటింట్లోని నూనె బుడ్డిలోంచి కాస్త గాజు గొట్టంలో పోసి, తన పెట్టెలోని సీసా నుంచి ఘాటైన ద్రావకం నాలుగు చుక్కలు వేసి ఊపాడు. అడుగున నారింజ ఎరుపు రంగు వచ్చింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. ఇది నువ్వుల నూనె ఒక్కటే కాదని, ఏదో ముళ్ళ మొక్క గింజ కలిసిందని, ఆ నూనె కొద్దికొద్దిగా గుండెనూ కళ్ళనూ తినేస్తుందని చెప్పాడు. భారతీదేవికి బండి దారి, గాలికి గలగలలాడిన కాయలు గుర్తొచ్చాయి. ఆ మొక్క పేరు ఆమే చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రాళ్ళగరువు వెళ్ళారు. పున్నమ్మ వాకిట్లోకి రాలేదు. నట్టింట్లో మంచం మీద కూర్చుని ఉంది. రత్తయ్య పోయి ఇరవై రోజులైంది. ప్రమీలారాణి ఏడో నెలలో, ఊపిరి అందక, మొన్న శుక్రవారం పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. గ్రహచారమని అమ్మవారికి మొక్కుకున్నారట. ఆ మొక్కు వంటలూ ఆ నూనెతోనే చేశారు. డాక్టరు విషయం చెబుతుంటే పున్నమ్మ మధ్యలో ఆపలేదు, ఏడవలేదు. అంతా విన్నాక భారతీదేవి వైపు తిరిగింది.

“నీ నాలికకి తెలియందంటూ ఉండదంటారుగా భారతీ. ఆ రోజు నీకు తెలిసిందా?”

భారతీదేవి తల దించుకుని, తెలిసింది పిన్నీ అంది. పున్నమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది.

కొండలరావు గానుగ పాకలో ఎద్దు కట్టేసి ఉంది. అతను ఇటుక మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. అవి కూడా వాచి ఉన్నాయి. డాక్టరు అడిగినదానికి దాచకుండా చెప్పాడు. కిరసనాయిలు దొరక్క పల్లె జనం బలురక్కసి గింజలు దీపాల కోసం ఆడించుకునేవాళ్ళట. గానుగ సరిగ్గా కడగకుండానే నువ్వులు పోస్తే మొదటిసారి ఆ రంగు వచ్చింది. జనం బాగుందన్నారు. నువ్వులు తక్కువ పడ్డప్పుడు కాసిని ఆ గింజలే కలిపాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అంటే వెంటనే కాలేదు.

“తెలిసి చేసిన పనైతే నా ఇంట్లో నేనెందుకు తింటానమ్మా? మీరు పేపర్లో రాశాక నందిగామ నుంచి డబ్బాలు పట్టుకుని వచ్చారు. నువ్వులు లేవు. అవి ఉన్నాయి.” ఆ మాట అని అతను ఆమె మొహంలోకి చూశాడు. అతని చూపులో నింద లేదు. తనతో పాటు ఆమె కూడా తిన్నదన్నట్టు, తన పక్కన ఆమెకూ చోటుందన్నట్టు ఉంది. భారతీదేవి ఆ పాకలో నిలబడలేక బయటికి వచ్చేసింది.

అక్కణ్ణుంచి ఆమె ఒక్కతే పల్లెకు నడిచింది. మూడేళ్ళలో యాభై ఊళ్ళు తిరిగిన మనిషి, ఏ ఊళ్ళోనూ ఆ వైపు అడుగు పెట్టలేదు. ముప్ఫై గడపలున్న ఆ పల్లెలో జబ్బుపడినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆదెమ్మ చూరు కింద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. కూర్చోమని అనడానికి సందేహించి, చివరికి చాప దులిపి వేసింది.

తన చిన్నతనంలో ఒక కరువు ఏడు ఆ నూనె తిని ఇద్దరు మేనమామలు పోయారని ఆదెమ్మ చెప్పింది. అప్పట్నుంచి పల్లెలో ఎవరూ దాన్ని నోట పెట్టరు. ఉగాది తర్వాత వడ్లు దంచడానికి వెళ్ళినప్పుడు పున్నమ్మగారితో ఒకసారి అన్నదట. నూనె సంగతి నువ్వు నాకు నేర్పుతావా అని ఆమె కసిరింది. ఆ మాట విన్న ప్రమీలారాణి మాత్రం రెండు రోజులు నూనె మానేసి, అత్తగారు అడిగితే మళ్ళీ తిన్నదట.

“అంత తెలిసి నాకు విడమరిచి ఎందుకు చెప్పలేదు ఆదెమ్మా?” అని అడిగింది భారతీదేవి. అడిగాక తన గొంతు తనకే సిగ్గనిపించింది.

“చెప్పాగా అమ్మగారూ. మీరు రాసుకున్నారుగా పుస్తకంలో.”

ఆదెమ్మ లోపలికి వెళ్ళి కుండలోని గంజి రెండు గిన్నెల్లో పోసుకొచ్చి, ఒకటి ఆమె ముందు పెట్టింది. భారతీదేవి తాగింది. రుచి ఏమిటో ఆమెకు తెలియలేదు.

తాసీల్దారు మనుషులు వచ్చి గానుగకు తాళం వేశారు. కొండలరావు లెక్క ప్రకారం ఊరు దాటి పోయినవి తొమ్మిది డబ్బాలు. వాటిని వెతకడానికి భారతీదేవి ఆదెమ్మను తోడు రమ్మని అడిగింది. వాసనతోనే ఆ నూనెను పట్టగలిగింది ఆమె ఒక్కతే. వారం రోజులు వానలోనే ఇద్దరూ నందిగామ, జగ్గయ్యపేట వీధులు తిరిగారు. కొందరు ఇల్లాళ్ళు భారతీదేవిని లోపలికి రమ్మని, ఆదెమ్మను వీధి అరుగు దగ్గరే ఆపేశారు. అలాంటప్పుడు నూనె జాడీ వీధిలోకి తెప్పించి, ఆదెమ్మ చేతికిచ్చి చూపించేది భారతీదేవి. ఆదెమ్మ అరచేతిలో చుక్క వేసుకుని, రుద్ది, వాసన చూసి, అవుననో కాదనో తల ఊపేది. అవునన్న జాడీని భారతీదేవే కాలవలో పోసేది. ఒకావిడ మాత్రం, పేపర్లో మెచ్చుకుని రాసిన చేత్తోనే ఇప్పుడు పారబోయడమేమిటని, తలుపు వేసుకుంది. మూడు రోజుల తర్వాత వాళ్ళింటి ముందు డాక్టరు కృపారావు సైకిలు కనిపించింది.

ఏడు డబ్బాలు దొరికాయి. రెండు దొరకలేదు. ఎవరో బస్సు ప్రయాణికులు గానుగ దగ్గరే కొనుక్కుపోయారని, ఊరు పేరు చెప్పలేదని కొండలరావు అన్నాడు. వారపత్రిక సంపాదకుడు సవరణ వేయడానికి ఒప్పుకున్నాడు గానీ, జనం భయపడతారని నాలుగు వరుసల్లో, వారఫలాల కింద చిన్న అక్షరాల్లో వేశాడు. అది చాలదని భారతీదేవి పోట్లాడింది. ఆ నెలతో ‘ఊరి విస్తరి’ ఆగిపోయింది. సుబ్బమ్మకు వాపు తగ్గింది, ఊపిరి నిలిచింది, చూపు మాత్రం సగమే మిగిలింది. హోటలు మళ్ళీ తెరవలేదు. గోడ మీది కాగితం చింపెయ్యమని భారతీదేవి అడిగితే, ఉండనీ, నాకిప్పుడు కనపడదుగా అంది. భారతీదేవే గోరుతో గీకి తీసేసింది.

వ్యాసం మీద ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. నూనె ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్ళందరికీ ఆమె అది విషమని రోజుకు పది కార్డుల చొప్పున జవాబు రాసింది. ఆశ్వయుజంలో ఒక రోజు పత్రిక ఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. ఎవరో ఇల్లాలు గుండ్రటి అక్షరాలతో రాసింది. తన భర్త పనిమీద జగ్గయ్యపేట వెళ్ళి, మీరు చెప్పిన నూనె డబ్బా పట్టుకొచ్చారని, పిల్లలు అది లేందే ముద్ద ముట్టడం లేదని, పండక్కి అరిసెలు కూడా దాంతోనే వండాలనుకుంటున్నానని, మీకు ఎంతో రుణపడి ఉన్నానని రాసింది. సంతకం ఉంది. ఊరి పేరు లేదు. భారతీదేవి కవరును తపాలా ఆఫీసుకు తీసుకుపోయి ముద్ర చూపించింది. అక్కడి గుమాస్తా అద్దం పెట్టి చూసి, చివరి అక్షరం ‘రు’ లాగా ఉందని, అంతకు మించి చెప్పలేనని అన్నాడు. ‘రు’తో ముగిసే ఊళ్ళ పేర్లు తెలిసినన్ని చెప్పమని ఆమె అక్కడే బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టింది.